ఉప్పు డబ్బాలో నాలుగు పాఠాలు

తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న ఇళ్ళల్లో రోజూ చూసేదే ఇది. సోషల్ పుస్తకం మూస్తే సోషల్ అయిపోయినట్టే, సైన్సు నోట్సు మూస్తే సైన్సు అయిపోయినట్టే. దేనికది విడివిడిగా బట్టీపట్టడం, పరీక్ష కాగానే మర్చిపోవడం! 'వాళ్ళ చదువులు నాకేం తెలుసులే' అని మీరు తప్పుకోకండి. సబ్జెక్టులన్నీ కలిసే చోటు మీ వంటింట్లోనే ఉంది. ఉదాహరణకు, ఉప్పు డబ్బా తీసుకోండి.

సైన్సు: సోడియం నీళ్ళు తగిలితే భగ్గుమనే లోహం. క్లోరిన్ విషవాయువు. ఈ రెండూ కలిస్తే మనం కూరలో వేసుకునే ఉప్పు! అదెలాగో మీ అబ్బాయినో, అమ్మాయినో చెప్పమనండి. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే మర్నాటికి ఊట దిగుతుంది కదా. వాళ్ళ పుస్తకంలోని ద్రవాభిసరణం అదే.

సోషల్: సొంతంగా ఉప్పు చేసుకోవడమే నేరమైన రోజుల్లో, 1930 మార్చి 12న గాంధీగారు సబర్మతి నుంచి నడక మొదలుపెట్టారు. ఏప్రిల్ 6న దండిలో చట్టాన్ని ధిక్కరించారు. మన దగ్గర ప్రకాశం పంతులుగారు ఒంగోలు దగ్గర దేవరంపాడులో సత్యాగ్రహ శిబిరం నడిపారు. ఇంతకీ అందరూ సముద్రతీరానికే ఎందుకు వెళ్ళారు? నౌపడ, చినగంజాం ఉప్పుమళ్ళలో వానాకాలం పని ఎందుకు ఆగిపోతుంది? చరిత్రలోంచి భూగోళంలోకి ఇట్టే వెళ్ళిపోవచ్చు.

లెక్కలు: పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంట్లో కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళొస్తోంది? పిల్లల చేత లెక్క కట్టించండి. ఊరగాయలు, అప్పడాలు, బయట కొనే చిప్సులోది అదనం! నాన్నగారి బి.పి. సంగతి కూడా ఈ లెక్కలోనే బయటపడవచ్చు.

తెలుగు: ఉప్పూ కర్పూరమూ చూపుకు ఒకేలా ఉంటాయన్న వేమన పద్యం పిల్లలకు వచ్చే ఉంటుంది. రుచి చూడకుండా తేడా కనిపెట్టమనండి. ఆరుబయట ఉంచితే కర్పూరం హరించుకుపోతుంది, ఉప్పు మిగులుతుంది. పద్యం నుంచి మళ్ళీ సైన్సుకే వచ్చాం చూశారా!

ఒక్క జాగ్రత్త. అన్నం దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించకండి. ఈ వయసు పిల్లలు చిరాకుపడి లేచిపోతారు. వారానికి ఒక్క వస్తువు, ఒక్క ప్రశ్న చాలు. జవాబు మీకు తెలియకపోతే మరీ మంచిది. అమ్మకు అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాలి కదా! వచ్చే వారం చింతపండుతో మొదలుపెట్టి చూడండి.