పేరు మారింది, తొవ్వ మారలేదు

మెహదీపట్నంలో తాండూరు బస్సెక్కితే ఊరు దాటే చోట వచ్చే పెద్ద స్టేజీ అప్పా జంక్షన్. అప్పా అంటే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. అకాడమీ బోర్డు మీద రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరూ, తెలంగాణ పేరూ వచ్చాయి. జనం నోట్లో మాత్రం అది అప్పా జంక్షనే. పేరుతో మాకు పేచీ లేదు. మా పేచీ అక్కణ్నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్ల రోడ్డుతో. రాష్ట్రం వచ్చి పదకొండేళ్లు దాటినా అది ఉమ్మడి రాష్ట్రం అప్పగించిపోయిన రెండు వరుసల రోడ్డుగానే ఉండిపోయింది. ఎందుకు?

ఈ రోడ్డు పాత పేరు హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు. మొన్నమొన్నటి దాకా రాష్ట్ర రహదారి. ఒక పక్క ఈసీ మీది హిమాయత్ సాగర్, ఇంకో పక్క మూసీ మీది ఉస్మాన్ సాగర్. ఆ రెంటి నడుమ నుంచి అజీజ్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల, ఆలూరు మీదుగా మన్నెగూడ చేరుతుంది. అక్కడ తొవ్వ చీలుతుంది. ఒకటి వికారాబాద్ మీదుగా తాండూరు పోతుంది. రెండోది పరిగి, కొడంగల్ దాటి కర్ణాటక సరిహద్దు పడుతుంది.

ఇప్పుడు సరిహద్దు అంటున్నాం గానీ ఒకప్పుడు అక్కడ సరిహద్దే లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజనతో గుల్బర్గా మైసూరుకు పోయింది, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. రెండు పెద్ద ఊళ్లను కలిపిన తొవ్వ ఒక్క రోజులో రాష్ట్రం చివరికి పోయే తొవ్వ అయింది. చివరనున్న ఊళ్లకు పాలకుల చూపు చేరదన్న సంగతి మన పడమటి పల్లెలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం చేసిన నలుగురిలో కొండా వెంకట రంగారెడ్డి ఒకరు. ఆయన ఊరు మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారం. 1978లో ఏర్పడ్డ జిల్లాకు పెట్టింది ఆయన పేరే. ఆ నలుగురిలో మరొకరు మర్రి చెన్నారెడ్డి. 1952లో వికారాబాద్ నుంచి గెలిచిన మనిషి, 1969 ఉద్యమంలో తెలంగాణ ప్రజా సమితి నాయకుడు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. సంతకాలు పెట్టిన నలుగురిలో ఇద్దరు ఈ తొవ్వ మనుషులే. ఒప్పందం కాగితం మీదే ఉండిపోయింది. మిగులు ఎటు పోయిందో చూడాలంటే లెక్కల పుస్తకాలు అక్కర్లేదు, ఈ రోడ్డు మీద ఒకసారి బస్సులో పోతే చాలు.

ఈ తొవ్వ పట్నానికి ఏమిచ్చింది? నీళ్లిచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన రెండు చెరువులు దశాబ్దాల తరబడి హైదరాబాద్ గొంతు తడిపాయి. మూసీ పుట్టేది వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లోనే. ఆ నీళ్లను కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల మీద ఆంక్షలు పడ్డాయి. నీళ్ల కోసం ఆంక్షలు ఉండాల్సిందే, కాదనం. కానీ పట్నం తాగే నీళ్ల కోసం తమ భూముల మీద ఆంక్షలు మోసిన పల్లెలకు పట్నం తిరిగి ఏమిచ్చిందని అడగొద్దా? చేవెళ్ల కూరగాయలు, పూలు, తాండూరు నాపరాయి, కందిపప్పు, సిమెంటు అన్నీ పట్నానికే పోయినయి. తిరిగి వచ్చింది ఇరుకు తొవ్వ.

మేము డిగ్రీ చదివే రోజుల్లో ఈ రోడ్డు మీద రాస్తారోకోలు చేశాం, వంటావార్పులు చేశాం. 2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపితే చేవెళ్ల మర్రిచెట్ల నీడలో గుంపులుగా కూర్చుని పాటలు పాడాం. ఆ మర్రిచెట్లు నిజాం కాలంలో పెట్టినవని పెద్దలు చెప్తారు. దాదాపు 900 చెట్లు, రెండు వైపులా ఊడలు దిగి నిలబడ్డాయి. పోలీసులు లాఠీలు పట్టుకొస్తే వాటి బోదెల చాటునే దాక్కున్నాం. మన రాష్ట్రం వస్తే మన రోడ్లు మనమే వేసుకుంటాం అని మైకుల్లో చెప్పిన గొంతుల్లో మా గొంతూ ఉంది. అందుకే ఈ మాట రాసే బాధ్యత కూడా మాదే.

రాష్ట్రం వచ్చింది. రోడ్డుకు కొత్త నంబరు వచ్చింది. హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం పోయే జాతీయ రహదారి 163లో దీన్ని కలిపారు. నాలుగు వరుసలు చేస్తామన్నారు. చెట్ల మీద నంబర్లు వేశారు. వందేళ్ల మర్రిచెట్లను నరకొద్దని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. కేసు నడిచింది, ఏళ్లు గడిచాయి. హైదరాబాద్ నుంచి తూర్పుకు వరంగల్ పోయే సగం నాలుగు వరుసలైంది. పడమటి సగం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఒక్కటే నంబరు, రెండు రకాల తొవ్వలు!

ఆగిన రోడ్డు ఊరికే ఉండదు, ప్రాణాలు తీస్తుంది. 2024 డిసెంబర్‌లో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునే వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. 2025 నవంబర్ 3న పొద్దున్నే చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును గుద్దింది. కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది చనిపోయారు. సోమవారం కదా, సెలవుకు ఇంటికొచ్చి మళ్లీ కాలేజీలకు, కొలువులకు పట్నం పోతున్న వాళ్లు ఆ బస్సులో ఉన్నారు. మేము కూడా ఏళ్ల తరబడి అదే సోమవారం బస్సులో పోయినవాళ్లమే. ట్రిబ్యునల్‌లో చిక్కు వీడింది ఆ ప్రమాదానికి కొద్ది రోజుల ముందే. పనులు కదిలింది ఆ తర్వాత.

ఇప్పుడు కొందరు మర్రిచెట్లను బోనులో నిలబెడుతున్నారు. చెట్ల వల్లే రోడ్డు ఆగింది, చెట్ల వల్లే ప్రాణాలు పోయాయి అంటున్నారు. ఇది మేము ఒప్పుకోం. టిప్పర్‌ను మర్రిచెట్టు నడపలేదు. మలుపు దగ్గర డివైడర్ లేకపోవడానికి మర్రిచెట్టు కారణం కాదు. చెట్ల వరుసను వదిలి పక్క నుంచి రెండో దారి వేయొచ్చని, పాత దారిని ఒక వైపు రాకపోకలకు ఉంచొచ్చని అడిగిన వాళ్లు రోడ్డు వద్దనలేదు. ఆ మాట మొదటి రోజే వింటే కేసే ఉండేది కాదు. నక్షా గీసేటప్పుడు ఊరి మనిషిని పిలిచి అడగకపోవడం, అడిగిన వాణ్ని అభివృద్ధి నిరోధకుడనడం ఉమ్మడి రాష్ట్రంలో చూశాం. సొంత రాష్ట్రంలో కూడా అదే పద్ధతి అయితే మనం మార్చిందేమిటి?

తప్పు పాలకులదొక్కరిదే కాదు, మనదీ ఉంది. ఉద్యమంలో ప్రతి రోడ్డుకూ లెక్క అడిగిన మనం, రాష్ట్రం వచ్చాక అడగడం మానేశాం. మనవాళ్లే కదా, చేస్తారులే అనుకున్నాం. పరాయి సర్కారును అడిగేందుకు పదివేల మందిమి కూడిన చోట సొంత సర్కారును అడిగేందుకు పదిమందిమి కూడా కూడలేదు. ఆ మౌనం ఖరీదు మీర్జాగూడలో కట్టాం.

ఇక అడగాల్సినవి అడుగుదాం. ఏ కిలోమీటరు పని ఏ తేదీకి పూర్తవుతుందో మొయినాబాద్, చేవెళ్ల మండల ఆఫీసుల గోడల మీద రాసి పెట్టాలి. పని అయ్యేదాకా మలుపుల దగ్గర దీపాలు, వేగానికి కళ్లెం ఉండాలి. కంకర టిప్పర్లు పట్టా కప్పకుండా, తూకం దాటి పోకుండా రాత్రీ పగలూ తనిఖీ చేయాలి. భూమి పోయిన రైతుకు 2013 చట్టం ప్రకారం పరిహారం పని మొదలుకాక ముందే చేతికందాలి. ఉంచుతామన్న మర్రిచెట్లు ఎన్ని, వేరే చోట నాటినవి ఎన్ని, అందులో బతికినవి ఎన్ని అన్న లెక్క జనం ముందు పెట్టాలి. కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్లకు రోడ్డు అంచున కాకుండా ఊరూరా గట్టి జాగా చూపాలి.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు, కొడంగల్ విద్యార్థులు, ఉద్యోగులు ఒక్క రోజు సెలవు పెట్టుకుని ఆ మర్రి నీడలో మళ్లీ కూర్చుంటే సాధించుకోగలిగినవే. పద్నాలుగేళ్ల కింద రాష్ట్రం కోసం కూర్చున్నాం. ఇప్పుడు పొద్దున బస్సెక్కిన పిల్ల పొద్దుగూకే సరికి ఇంటికి రావాలని కూర్చుందాం.