పార్టీ ఎన్నడో ఖాళీ చేసిన వాడ

సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ చివరిసారి గెలిచింది 1984లో. 1989లో కాశీరాం రాణా భాజపా జెండా ఎగురవేసిన తరువాత ఆ స్థానం మళ్లీ చేయి మారలేదు. లింబాయత్, ఉధ్నా వాడల్లో సాంచాలు నడిపే మన పద్మశాలీలతో సహా శ్రామికజనం కాంగ్రెస్‌కు ఎందుకు దూరమయ్యారని అడిగితే ఢిల్లీలో సిద్ధంగా దొరికే సమాధానం ఒకటే: మతం.

అందులో నిజం లేకపోలేదు. 1992 డిసెంబరు అల్లర్లు ఆ నగరంపై వదిలిన గాయం చిన్నది కాదు. అయితే ఆ ఒక్క మాటతో చర్చ ముగించడం కాంగ్రెస్ నాయకులకు మిక్కిలి సౌకర్యం. తప్పు ఓటరుదైపోతుంది, తమ లెక్క తేలవలసిన పని ఉండదు.

అహ్మదాబాద్‌తో పోల్చి చూడండి. అక్కడ 1920లో గాంధీ, అనసూయా సారాభాయ్‌ల చేతుల మీదుగా మజూర్ మహాజన్ సంఘం పుట్టింది. కూలి తగాదా వచ్చినా, ఇంట్లో కష్టం వచ్చినా కార్మికుడు వెళ్లే గడప అది. కాంగ్రెస్ అతడికి ఆ గడప గుండానే పరిచయం. ఎనభైలలో మిల్లులు మూతపడగా ఆ బంధమూ తెగింది. సూరత్‌లో తెగడానికి అటువంటి బంధమే లేదు. ఇక్కడ మగ్గాలు పెద్ద మిల్లులో కాక చిన్న చిన్న ఖాతాలలో ఉంటాయి. ఫ్యాక్టరీ చట్టం తాకకుండా ఒకే షెడ్డును కాగితాల మీద ముక్కలు చేయడం పాత విద్య. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. పీఎఫ్, ఈఎస్‌ఐ చాలామందికి వినికిడి మాటలే. పాత మగ్గాలు తుక్కు కింద అమ్ముడై వాటర్‌జెట్, రాపియర్ యంత్రాలు వస్తున్నప్పుడు పని పోయినవాడి పేరు ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

2017ను గుర్తు చేసుకుందాం. జీఎస్టీకి వ్యతిరేకంగా జులైలో వస్త్ర వ్యాపారులు వారాల తరబడి దుకాణాలు మూశారు. రాహుల్ గాంధీ నవంబరులో సూరత్ వచ్చారు. జీఎస్టీని గబ్బర్ సింగ్ ట్యాక్స్ అన్న ఆయన మాట దేశమంతా మోగింది. డిసెంబరులో ఫలితాలు వస్తే జిల్లాలోని 16 స్థానాల్లో 15 భాజపావే. విశ్లేషకులు విస్తుపోయారు. నాకు మాత్రం అందులో వింత కనిపించలేదు. నూలు మీద పన్నెంత, గుడ్డ మీద పన్నెంత, వాపసు ఎప్పుడు అన్నది శేఠ్ ప్రశ్న. మీటరుకు ఎంత అన్నది కార్మికుడి ప్రశ్న. ప్రతిపక్షం మొదటిదాన్నే భుజాన వేసుకుంది. సమ్మె పిలుపు ఇవ్వనివాడు ఆ సమ్మె రోజుల కూలి పోగొట్టుకున్నాడు. అతడి కోసం ఎవరూ సభ పెట్టలేదు. బతుకు ప్రశ్న రెండు పార్టీలలోనూ వినబడనప్పుడు, రేషన్ కార్డు పని చేసి పెట్టేవాడు, గణేశ్ మండపానికి చందా ఇచ్చేవాడు ఏ పార్టీలో ఉంటే ఓటు అటు పోతుంది. దానిని మోసపోవడం అనలేం.

ఓటరు కదలడనడం కూడా సరికాదు. 2021 నగరపాలక ఎన్నికల్లో పాటీదార్ వాడలు ఆమ్ ఆద్మీ పార్టీ వైపు మళ్లాయి. 120 స్థానాల్లో దానికి 27 దక్కాయి. 2015లో 36 గెలిచిన కాంగ్రెస్‌కు సున్నా. మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికల్లో ఆప్ అక్కడ ఒక్క స్థానమూ గెలవలేదు గనుక దానిని విప్లవమనను. కానీ వాడలో తిరిగే మనిషి కనిపిస్తే పాత అలవాటు మార్చుకోవడానికి జనం వెనుకాడలేదన్నది నిజం.

ఇక 2024. సూరత్ కాంగ్రెస్ అభ్యర్థి నామపత్రంపై ఉన్న సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే ప్రమాణపత్రాలిచ్చారు. నామపత్రం చెల్లలేదు, ప్రత్యామ్నాయ అభ్యర్థిదీ చెల్లలేదు, మిగిలినవారు తప్పుకున్నారు. ఏప్రిల్ 22న భాజపా అభ్యర్థి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. మే 7న వరాఛా, కతార్‌గామ్‌లలో పోలింగ్ కేంద్రాలే తెరుచుకోలేదు. నియోజకవర్గాల పునర్విభజనలో నవసారి కిందికి వెళ్లిన లింబాయత్, ఉధ్నాలలో మాత్రం ఓటింగ్ జరిగింది. అక్కడ సీఆర్ పాటిల్ ఆధిక్యం ఏడు లక్షల డెబ్భై వేలు దాటింది.