నలుగురి చేతుల గ్రంథము



గడచిన బతుకమ్మ పండుగ దినములలో మా చందుర్తి ఇంట జరిగిన ఒక చిన్న ముచ్చటతో ఈ నెల ప్రసంగమును ప్రారంభించెదము.

మా అత్తగారి పుట్టినిల్లు వేములవాడ. వారికి డెబ్బది యేండ్లు దాటినవి. ఆనాడు గునుగు, తంగేడు పూలను పేర్చుచు, చెంత కూర్చున్న మా చిన్నదానితో, "మా దిక్కు ఏడొద్దులకే సద్దుల బతుకమ్మ ఆడుతం బిడ్డా" అనిరి. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా చిన్నది వెంటనే సెల్ ఫోను తీసి చూచి, "కాదు నాయినమ్మా, తొమ్మిది రోజులు. ఇండ్ల ఉన్నది చూడు. నువ్వే మరిచిపోయినవు" అనెను. అత్తగారు మారు పలుకలేదు. చేతిలోని పూలను తాంబాళములో నుంచి కొంత తడవు ఊరకుండిరి.

ఆ మౌనము మా మనసున నాటినది. పిల్ల చదివినది అబద్ధము కాదు. భాద్రపద అమావాస్య మొదలుకొని ఎంగిలిపూల, అటుకుల, ముద్దపప్పు, నానబియ్యపు, అట్ల, అలిగిన, వేపకాయల, వెన్నముద్దల, సద్దుల బతుకమ్మలని తొమ్మిది దినములకు తొమ్మిది పేళ్లు కలవు. అత్తగారు చెప్పినదియు అబద్ధము కాదు. వేములవాడలో సద్దుల బతుకమ్మను ఏడవనాడే ఆడుదురు. రెండును సత్యములే. అయినను ఒకటి పిల్ల చేతికి మొదట తగిలిన పుటలో నున్నది, రెండవది అందు లేదు. పుటలో నున్నదే సత్యమనియు, లేనిది వృద్ధుల మరపనియు పిల్లలు తలంచు కాలము వచ్చినది. అట్లయిన ఆ పుటలను వ్రాయుచున్న వారెవరు? అందు మన యింటి మాట ఏల లేదు? ఈ ప్రశ్నయే మమ్ము ఇంతదూరము నడిపించినది.

విచారింపగా తెలిసినదేమనగా, అట్టి పుటలలో కొన్నింటిని వ్రాయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అంతర్జాలమునందు తెలుగు వికీపీడియా యను విజ్ఞాన సర్వస్వము కలదు. హవాయి భాషలో వికీ యనగా వేగము. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికా దేశస్థుడు, చదువరులే తక్షణము దిద్దుకొనగల పుటలను కల్పించి, హోనలూలూ విమానాశ్రయమునందలి ఒక బస్సు పేరును వానికి పెట్టెను. ఆ పద్ధతిమీదనే 2001 జనవరిలో ఆంగ్ల వికీపీడియా వెలసినది. 2003 డిసెంబరు 10వ తేదీన వెన్న నాగార్జునగారి పూనికతో తెలుగు వికీపీడియా పుట్టినది. నేడందు లక్షకు మించిన వ్యాసములు కలవు. వ్రాయువారు జీతము గొనరు, చదువువారు వెల యీయరు.

ఆ పుటలలోని పేళ్లు చూచిన మన పల్లె వాసన కొట్టును. అందరు కూడి మాటలాడు తావునకు రచ్చబండ యని పేరు. ఇంకను పెరుగవలసిన చిన్న వ్యాసమును మొలక యందురు. క్రొత్తవారు తప్పులకు జంకక వ్రాసి చూచుకొనుటకు ప్రయోగశాల కలదు. ప్రతి వ్యాసము వెనుక చరిత్ర యను పుట యుండును. ఏ వాక్యమును ఏ దినమున ఏ పేరుగలవారు చేర్చిరో, ఎవరు తీసివేసిరో అందు నిలిచియుండును. ఒకరు చెరచినను, పూర్వపు ప్రతిని మరియొకరు క్షణములో నిలుపగలరు. అభిప్రాయభేదము కలిగిన చర్చాపుటలో వాదించుకొందురు. 2016లో మా మండలము కరీంనగరు జిల్లా నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. అచ్చు పుస్తకమైనచో అట్టి మార్పునకు మరల ముద్రణము కావలెను. ఇట నొక చేయి దిద్దిన చాలును.

ఒక్కరి భుజముల మీద ఇట్టి బరువు నిలుచుట ఎంత కష్టమో మన భాష పూర్వమే చవిచూచినది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులు. పిదప ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూడును అకారాది పదములతోనే నిండినవి. 1923లో పంతులుగారు పరమపదించిరి. అంతటి పండితునకు సైతము ఒక జీవితకాలము చాలకపోయెను. వారి అక్కగారు భండారు అచ్చమాంబగారిని మన స్త్రీలు మరువరాదు. ఆమె బడికి పోలేదు. తమ్ముని చదువు చెంతనే ఇంట అక్షరములు నేర్చి, భారత స్త్రీల జీవితములను వెదకి కూర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించి, 1905లో చిన్నవయసుననే కాలధర్మము నొందెను.

పదుగురు కూడిన ఏమగునో చూపినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాయగా, వారు కోపముతో బదులు వ్రాసి ఊరకుండలేదు. ఊరూర నుండి పద్యములు రప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. లేరన్న మాటకు ఇంతకన్న మర్యాదయైన సమాధానమేమున్నది? మన యింటి మాటకును ఆ దారియే దారి యని మాకు తోచినది.

ఆ రాత్రి వంటయిల్లు సర్దుకొని ఫోను ముందు కూర్చుంటిమి. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడవనాడు జరుగుననియు, పుట్టినింట ఏడవనాడు ఆడిన ఆడుబిడ్డలు మెట్టినింట తొమ్మిదవనాడు ఆడుటకు వీలుగా ఈ ఆచారము ఏర్పడినదనియు వ్రాసితిమి. ఈ కారణము అత్తగారు చెప్పినదే. మా యింటివారు బడిపంతులు గనుక పిల్లల కాగితములు దిద్దు కన్నుతోనే చూచి, "ఆధారమేది?" అనిరి. "మీ అమ్మగారే" అంటిమి. వారు నవ్వి, "అమ్మ మాట మనకు వేదము. ఎన్నడును అమ్మను చూడనివారు దీనిని చదివి ఎట్లు నమ్ముదురు?" అనిరి.

మొదట కోపము వచ్చినమాట నిజము. పిదప ఆలోచింపగా, మేము చిన్ననాడు తండ్రిగారి యొద్ద కాళిదాసు కావ్యములు చదివినపుడు చేతబట్టిన వ్యాఖ్య ఎవరిది? మెతుకుసీమ కొలిచెలమ మల్లినాథసూరిది. మూలము లేనిది ఒక్కటియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసికొనిన మహానుభావుడాయన. వికీపీడియా కట్టడియు నదియే. వ్రాసినవారి గొప్పతనమును బట్టి కాక, చూపిన ఆధారమును బట్టి మాట నిలుచును. స్వంతముగా కనిపెట్టిన సిద్ధాంతములకు అందు చోటు లేదు.

దసరా దినములలో పత్రికల జిల్లా పుటలలో వేములవాడ సద్దుల వార్త వచ్చును. బడి పుస్తకములకు అట్టలు వేయుటకై దాచిన పాతపత్రికలలో వెదకగా అట్టి వార్త దొరకినది. పత్రిక పేరు, తేదీ చూపి ఏడవనాటి మాటను ఒక్క వాక్యముగా చేర్చితిమి. కారణము చెప్పిన వాక్యమును మాత్రము కొట్టివేసితిమి. అది నిజము కావచ్చును, కాని అచ్చులో మాకు కనబడలేదు.

ఇక్కడ మీలో కొందరు అడుగవచ్చును: "స్త్రీల విద్య యంతయు నోటిమాటయే కదా? పాటలు, పథ్యములు, ఊరగాయల కొలతలు, పురుళ్ల మర్యాదలు ఏ పుస్తకమున అచ్చయినవి? అచ్చునే అడుగు కట్టడి మన నోరు కట్టుట కాదా?" ఈ ప్రశ్న న్యాయమైనది. మేమును దీనితో పలుదినములు పోరాడితిమి. వికీపీడియాలో వ్రాయు స్త్రీలు లోకమంతటను మిక్కిలి కొలదిమంది. మన పల్లెల పుటలు పెక్కు 2011 జనగణన లెక్కలతో నిండియున్నవి. ఎన్ని యిండ్లో తెలియును గాని, ఆ యిండ్లలో ఏమి పాడుదురో తెలియదు.

అయినను కట్టడిని సడలించుట దీనికి మందు కాదు. సడలించినచో ఏమగునో ఫోనులో దినదినము వచ్చు సందేశములే సాక్షి. ఈ కషాయము త్రాగిన మధుమేహము పోవునని ఒకటి, ఆ పసరు పోసిన పసిబిడ్డ దగ్గు మానునని ఒకటి వచ్చును. వ్రాసినవారెవరో తెలియదు, తప్పని తెలిసినను దిద్దుటకు దారి లేదు. చేతులు మారుటయే తప్ప నలుగురు కూడి విచారించుట అందు లేదు. బిడ్డ ప్రాణముతో కూడిన విషయమున అట్టి సందేశము నెట్లు నమ్ముదుము? అడిగిన ఆధారము చూపునదే పంచుకొనదగిన విద్య.

కావున నోటిమాటను ఆధారముగా మార్చుటయే మన పని. మొదటిది, వ్రాసి అచ్చు వేయించుట. ఊరి ఆచారమును చెప్పినవారి పేరు, ఊరు, తేదీతో, వారి యనుమతి గొని పత్రికలకు పంపుడు. పరిష్కరింపబడి అచ్చయిన మాటకు నలుగురిలో చూపదగిన రూపము కలుగును. రెండవది, పాటలను పాటలుగనే నిలుపుట. వికీమీడియా కామన్స్ అను భాండారమున చిత్రములను, ధ్వనులను ఉంచవచ్చును. తరతరములుగా వచ్చు బతుకమ్మ పాటను పాడువారి సమ్మతితో ఫోనులో పట్టి అందు చేర్చిన, పాట మాత్రమే గాక మన యాసయు నిలుచును.

మూడవది, మావంటి ఇంటి చదువులవారికి మిక్కిలి తగినది. వికీసోర్స్ అను గ్రంథాలయమున స్వామ్యకాలము తీరిన పుస్తకములను చేర్చుచున్నారు. మన దేశమున రచయిత మరణించిన పిదప 60 ఏండ్లు గడచిన ఆ రచన అందరిదగును. ఒక ప్రక్క పాతపుటయొక్క ఛాయాచిత్రము, మరియొక ప్రక్క అక్షరములు ఉండును. రెంటిని పోల్చి తప్పులు దిద్దవలెను. ఒకరు దిద్దిన పుట పసుపుపచ్చనగును. వేరొకరు సరిచూచిన ఆకుపచ్చనగును. దిద్దినవారే రెండవసారి సరిచూడరాదు. అరసున్నలు, శకటరేఫములు, పాతలిపి కూర్పులు నేటి పిల్లలకు చిక్కులు. తండ్రుల యొద్ద కావ్యములు చదివిన మనకు చిరకాల పరిచితములు. మధ్యాహ్నపు తీరికలో ఒక్క పుట దిద్దినను అది శాశ్వతముగా నిలుచును. ఇన్నాళ్లు ఎందుకును కొరగాదనుకొన్న మా చదువు ఇట పనికివచ్చుట చూచి మేమెంత సంతసించితిమో చెప్పజాలము.

కొన్ని జాగ్రత్తలు చెప్పుట మా విధి. స్వంతపేరు పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు, కలముపేరు చాలును. ఇరుగుపొరుగువారి గుట్టు అందు వ్రాయరాదు. ఒకరి పుస్తకములోని వాక్యములను ఎత్తివ్రాయరాదు; విషయమును గ్రహించి స్వంతమాటలలో వ్రాయవలెను. అందున్న ప్రతి మాటయు సత్యమని నమ్మరాదు. ఆధారపు సంఖ్యను నొక్కి మూలమును చూచు అలవాటు పిల్లలకు నేర్పుడు. రోగముల విషయమున వైద్యుని మాటయే మాట. మన వాక్యమును ఎవరైన తీసివేసిన అలుగక చర్చాపుటలో కారణమడుగవలెను. అలిగిన బతుకమ్మకు ఒక్కదినమే కదా!

మరునాడు ఆ వాక్యమును మా చిన్నదానిచేతనే నాయినమ్మకు చదివి వినిపించితిమి. అత్తగారు రెండుమారులు చదివించుకొని, "మరి పుట్టినింటి ముచ్చట రాయలేదేంది?" అనిరి. దానికి ఆధారము దొరకలేదని చెప్పితిమి. వారు కొంచెము ఆలోచించి, "వేములవాడల మా వదినె ఉన్నది. ఆమెకు నాకన్న ఎక్కువ ఎరుక. పోయి అడుగుదాం పా" అనిరి. మా చిన్నది నోటుపుస్తకము, కలము తీసికొని తానును వచ్చెదనని లేచెను. వచ్చు ఆదివారము మేము మువ్వురము వేములవాడకు పోవుచున్నాము.

సోదరీమణులారా, మీ యింట నున్న వృద్ధులను ఈ నెలలో ఒక్క విషయము అడుగుడు. మీ ఊరి పండుగ గాని, చెరువు పేరు గాని, లాలిపాట గాని యేదైనను సరే. చెప్పినవారి పేరు, ఊరు, అడిగిన తేదీతో వ్రాసి యుంచుడు. వారు జీవించియుండగనే అడుగుడు.