పుట్టిల్లు కాక మరో గుమ్మం



పల్నాడంటే పౌరుషమని చెప్పుకుంటాం. అది ఇల్లాలి వీపు మీద దిగినప్పుడు మాత్రం ‘సర్దుకుపోమ్మా’ అంటాం. 2022లో నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమైంది. మాచర్ల, గురజాల పల్లెల నుంచి సాయం కోసం అర్ధరాత్రి బయటపడ్డ మనిషికి అదీ దూరాభారమే. ఈ సంచికలోని రచనలన్నీ ఆ రాత్రి చుట్టూనే తిరుగుతాయి.

2005 నాటి గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు అడిగితే ఆశ్రయగృహం చోటివ్వాల్సిందే. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపుతారు. బాధిత మహిళల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో చిన్నపిల్లలతో సహా 5 రోజుల దాకా తలదాచుకోవచ్చు. ఆరో రోజు సంగతే మా బెంగ. అందుకే సాయమంటే పాత చీరలతో సరిపెట్టకండి. కోర్టు వాయిదాకు తోడు వెళ్లండి, ఏదైనా పని చూపండి. ఆమె ఉంటున్న చోటు మాత్రం ఎవరికీ చెప్పకండి, అయినవాళ్లు అడిగినా సరే.