విందు వాళ్ళది, కేసు మనది

అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న యానాది, ఎరుకల, నక్కల పిల్లలం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సంక్రాంతికి ఇళ్ళకెళ్ళి వచ్చినప్పటి నుంచి మా గదిలో ఒక వాదన తెగట్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాం.

చలికాలంలో ఉత్తరాన సరస్సులు గడ్డకట్టగానే బాతులు కొల్లేరుకి, కోరింగకి, మన గోదావరి పాయల్లోకి వస్తాయి. వాటిలో నల్ల చిలువ, ఎర్రతల బాతు లాంటివి నీళ్ళలో మునిగి మేత తింటాయి. మాఘం దాటాక తిరుగు ప్రయాణానికి ఒళ్ళు చేస్తాయి. సరిగ్గా అప్పుడే "ఇప్పుడు మాంసం బాగుంటుంది, నాలుగు పట్టుకురా" అని కబురొస్తుంది. ఆ కబురు వచ్చేది మన పేటకే. రాత్రంతా చలిలో, నడుం లోతు నీళ్ళలో వల పట్టుకుని నిలబడేది మన బాబాయిలు, మావయ్యలు. తెల్లారకుండా బండి మీద వచ్చి సంచిలో వేసుకుపోయేది ఇంకొకరు. దొరికితే స్టేషన్లో కూర్చునేది మాత్రం వల ఉన్నవాడే.

"ఇది మన కులవృత్తి, తాతల నాటి నుంచి ఉంది, మనల్ని ఎవరేం చేస్తారు?" అంటారు పెద్దలు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. చదివితే తెలిసింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఈ వేట నేరం. మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. గిరిజనుల కోసమే వచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు, దాన్ని పేరు పెట్టి మినహాయించింది. ఇంకో సంగతి, ఆ మాంసం కొని ఇంట్లో పెట్టుకోవడం కూడా నేరమే. మరి కొన్నవాళ్ళ మీద కేసు పడటం మీలో ఎవరైనా చూశారా? ఎరుకల లాంటి తెగల్ని 1952 దాకా పుట్టుకతోనే నేరస్థులని రాసి పెట్టిన దేశం ఇది. ఆ మచ్చ మళ్ళీ మన చేతులతో మనమే ఎందుకు పూసుకోవాలి?

"అమెరికాలో వేటాడట్లేదా?" అని మా గదిలో ఒకడు అడిగాడు. నిజమే, అక్కడ ఉత్తరాది సరస్సులు గడ్డకట్టే ముందు, సీజన్ ఆఖర్లో మునిగే బాతుల్ని వేటాడతారు. కానీ రోజుకి ఎన్ని కొట్టాలో లెక్కుంది. సీసం గుళ్ళు వాడకూడదని 1991 నుంచి నిషేధం ఉంది. 1934 నుంచి వేటగాడు బాతుల స్టాంపు కొనాలి, ఆ డబ్బుతో చిత్తడి నేలల్ని కాపాడతారు. అంటే తినేవాడే చెరువుకి డబ్బు కడతాడు. ఇక్కడ తినేవాడు చెరువుకీ కట్టడు, మనకీ సరిగ్గా ఇవ్వడు.

పైగా ఇప్పుడు చంపే పిట్ట మామూలు పిట్ట కాదు. చలికాలమంతా తట్టుకుని బతికింది, వెళ్ళి గుడ్లు పెట్టాల్సింది. ఎర్రతల బాతుని 2015లోనే ముప్పున్న పక్షుల జాబితాలో చేర్చారు. విత్తనాల గింజలు వండుకు తింటే మరుసటేడు ఏం చల్లుతామో మన అమ్మల్ని అడిగితే చెప్తారు.

ఆ నాలుగు రూపాయలూ ఇంట్లో బియ్యం అవుతాయని మాకు తెలుసు. వాటితోనే మాకు పుస్తకాలూ వచ్చాయి. కాబట్టి నీతులు చెప్పి పెద్దవాళ్ళని పస్తు పెట్టమనడం లేదు. రెండే మాటలు. ఒకటి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ చట్టం సంగతి చెప్పండి, ఈ రెండు నెలలూ ఎవడి విందు కోసమూ వల వెయ్యొద్దని బతిమాలండి. రెండు, ఏటా జనవరిలో నీటి పక్షుల లెక్క జరుగుతుంది. రెక్కల చప్పుడు విని ఏ పిట్టో చెప్పగలిగేది మన వాళ్ళే. ఆ లెక్కలోనూ, పక్షుల కాపలాలోనూ కూలి ఇచ్చి మన వాళ్ళని పెట్టమని అటవీ శాఖకి అర్జీ రాద్దాం. రాయడానికి మేం సిద్ధం. రాజోలు, కొత్తపేట వైపు మిత్రులు మీ ఊళ్ళో పరిస్థితి కింద రాయండి, అందరం కలిసి సంతకాలు పెడదాం.