జూలైలో మొక్కలు సరే, మార్చిలో అగ్గి మాటేమిటి?



సంక్రాంతి వెళ్లింది. వానాకాలం మొక్కల కార్యక్రమానికి చందాల మాట అప్పుడే గ్రూపులో మొదలైంది. ఎన్ని మొక్కలు, ఏ స్థలం, ఎవరి వాటా ఎంత అని చర్చ నడుస్తోంది. నా అభిప్రాయం కొంచెం వేరు. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

చెట్లు, కార్బన్ అనే మాటలు మన ప్రాంతానికి కొత్త కాదు. రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లోనూ, పక్కనున్న ఆంధ్ర జిల్లాల్లోనూ చిన్న రైతుల పొలాల్లో నీలగిరి, సరుగుడు వేయించి, ఆ చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు డబ్బు ఇప్పించే ప్రాజెక్టు ఒకటి నడిచింది. సుమారు 1,600 హెక్టార్లు. ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్ అండగా ఉంది. కర్ర కొనడానికి జేకేపూర్ కాగితం మిల్లు దగ్గరలోనే ఉంది. క్యోటో ఒప్పందం కింద ఏర్పడిన సీడీఎం పథకంలో అది 2011లో నమోదైంది.

ఆ పథకంలో ఒక నియమం మనం గుర్తుంచుకోవాలి. కొత్తగా పెంచిన చెట్లకు ఇచ్చిన కార్బన్ క్రెడిట్లు తాత్కాలికమే. గడువు తీరితే చెల్లేవి కావు. ఎందుకంటే చెట్టును నరకవచ్చు, తెగులు రావచ్చు, నిప్పు అంటుకోవచ్చు. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బనే. అందులో ఒక టన్ను కాలితే సుమారు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఏళ్ల తరబడి దాచుకున్నది ఒక్క మధ్యాహ్నంలో గాలిలో కలిసిపోవచ్చు. డబ్బు లెక్క వేసేవాళ్లు ఆ భయాన్ని నియమంలోనే రాసుకున్నారు. మనం మాత్రం మొక్క నాటి, ఫోటో తీసుకుని ఇంటికొచ్చేస్తాం.

నీలగిరి వేసుకున్న రైతును నేను తప్పుపట్టను. మెట్ట భూమిలో నాలుగైదేళ్లకు చేతికొచ్చే పంట అది. కానీ దాన్ని అడవి అనకూడదు. కోతకొచ్చిన కర్ర మిల్లుకు వెళ్తుంది, కాగితం అవుతుంది, కొన్నాళ్లకు చెత్తలో చేరుతుంది. కార్బన్ ఎక్కువ కాలం నిలిచే చోటు మన కొండ. గుగ్గిలం, ఇప్ప, తునికి, ఉసిరి ఉన్న అడవిలో కార్బన్ మానులోనే కాదు, వేళ్లలో, మట్టిలో కూడా ఉంటుంది.

మన కొండలు బోడిగా కనిపించినా చాలాచోట్ల చచ్చిపోలేదు. నరికేసిన గుగ్గిలం మొదలు కింద వేరు బతికే ఉంటుంది. వాన పడగానే చిగురేస్తుంది. ఆ చిగురుకు గొయ్యి తవ్వక్కర్లేదు, నీళ్లు పోయక్కర్లేదు, నర్సరీ బిల్లు కట్టక్కర్లేదు. దానికి కావలసింది కొన్నేళ్ల పాటు నిప్పు నుంచి, పశువుల నుంచి రక్షణ. అదే దొరకడం లేదు. ఏటా మార్చిలో అగ్గి వచ్చి దాన్ని మళ్లీ నేలమట్టం చేస్తోంది. అగ్గి ఆపకుండా మొక్కలు నాటడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

2020 నవంబరు నుంచి 2021 జూన్ వరకు ఉపగ్రహాలు ఒడిశా అడవుల్లో 51,968 మంటలను గుర్తించాయని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదిక చెప్పింది. దేశంలో అదే అత్యధికం. సిమిలిపాల్ తగలబడింది ఆ ఏడే. మరుసటి ఏడు, 2022 మార్చి, 1901 నుంచి దేశంలో నమోదైన మార్చి నెలలన్నింటిలో అతి వేడిది. వేసవి ముందుగా ముదిరితే రాలిన ఆకు త్వరగా ఎండుతుంది. ఒకప్పుడు గట్టు దగ్గర ఆరిపోయే నిప్పు ఇప్పుడు కొండ ఎక్కేస్తుంది.

"ఆదివాసులే పెడుతున్నారు కదా, మనమేం చేస్తాం?" అని కొందరంటారు. ఇప్పపువ్వు ఏరాలంటే చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలి. అందుకని ఆకు కాలుస్తారు. తునికాకు లేతగా చిగురించాలని కాలుస్తారు. పోడుకు కాలుస్తారు. ఇదంతా కూడు కోసం చేసే పని. బజారులో ఇప్పపువ్వు కొనేవాళ్లలో మన వ్యాపారులూ ఉన్నారు కాబట్టి, ఈ లెక్కలో మనకూ వాటా ఉంది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో ఇప్పచెట్ల కింద వలలు కట్టి పువ్వు పడుతున్నారు. కాల్చే పని తప్పుతుంది, పువ్వుకు మట్టీ అంటదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. మొక్కల డబ్బులో సగం ఈ ఫిబ్రవరిలోనే ఖర్చు పెడదాం.

ఒకటి, కొండను ఆనుకున్న ఒకటి రెండు గ్రామాలను ఎంచుకుని ఇప్పచెట్లకు వలలు ఇద్దాం.

రెండు, ఆ ఊళ్ల యువకులకు రోజు కూలి ఇచ్చి, అటవీ శాఖ అనుమతితో, ఎండుటాకు ఊడ్చి అగ్గి దాటని బాటలు వేయిద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో కాపలా ఉంచుదాం.

మూడు, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా మంటల సమాచారాన్ని ఫోన్‌కు పంపుతుంది. మనలో పదిమంది నమోదు చేసుకుని, కబురు రాగానే ఊరివాళ్లకూ, రేంజ్ ఆఫీసుకూ ఫోన్ చేద్దాం.

ఏ కొండ, ఏ పద్ధతి అన్నది గ్రామసభే తేల్చాలి. సామూహిక అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకే ఇచ్చింది. మనం డబ్బుతో, మనుషులతో వెనక నిలబడదాం. ముందు నడిచేది వాళ్లే.

ఈ పనికి ఫోటోలు రావు. కాలని కొండను ఎవరు ఫోటో తీస్తారు? బోర్డు మీద పేర్లూ ఉండవు. కానీ ఈ కొండల నీళ్లే నాగావళి. మనం తాగేదీ, కింద మన బంధువులు తోటపల్లి ఆయకట్టులో వరి పండించేదీ ఆ నీళ్లతోనే. కొండ మీద ఆకు, మట్టి మిగిలితేనే వాన నేలలోకి ఇంకుతుంది.

వచ్చే సమావేశం అజెండాలో దీన్ని పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం. కానీ త్వరగా తేల్చుకోవాలి. ఆకు రాలడం మొదలైంది.