కంటి శిబిరంలో చెవికీ ఒక బల్ల

కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో, ఇంట తెలుగు, బయట తమిళం మాట్లాడే పెద్దలకు కంటి శిబిరం కొత్త కాదు. ఎట్టయపురం దగ్గరి వడమలపురంలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి ఉద్యోగ విరమణ తర్వాత, 1976లో, మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. కేంద్రం అంధత్వ నివారణ పథకం మొదలుపెట్టిందీ ఆ ఏడే. చెవుడు నివారణకు జాతీయ పథకం 2007లో గానీ రాలేదు. ఈ తేడా ఇప్పటికీ పోలేదు. శుక్లం తీయించుకోమని ఇంటిల్లిపాదీ వెంటపడతారు, వినికిడి తగ్గితే మాత్రం వయసు మీదపడిందని వదిలేస్తారు. ముసలితనంలో కంటినీ చెవినీ ఇలా వేరుచేసి చూడటం తప్పు.

మెదడు వాటిని వేరుగా చూడదు. 1976లోనే హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక ప్రయోగం ప్రకటించారు. "బ" శబ్దం వినిపిస్తూ "గ" పలికే పెదవులు చూపిస్తే చాలామందికి "ద" అని వినబడింది. వయసుతో ఈ కలయిక సన్నగిల్లుతుందని అనుకుంటాం. కానీ 2006లో పాల్ లారియెంటీ బృందం చూసింది వేరు. దృశ్యమూ శబ్దమూ కలిసి అందితే కలిగే మేలు యువకులకన్నా పెద్దవాళ్లలోనే ఎక్కువ. అలాగైతే ప్రకృతే లోటు పూడుస్తోంది, ఇక బెంగెందుకని అడగవచ్చు. పూడుస్తున్న మాట నిజమే. అయితే ఏది దేనితో కలపాలన్న విచక్షణ సడలుతోంది. ఒక్క మెరుపుతో పాటు రెండు బీప్‌లు వినిపిస్తే రెండు మెరుపులు చూశామనిపించే భ్రమ ఒకటుంది. బీప్‌ల మధ్య ఎడం పెరిగితే కుర్రవాళ్లు దానికి లొంగరు. పెద్దవాళ్లు, అందులోనూ ఇదివరకు పడిపోయినవాళ్లు, అప్పుడూ లొంగుతున్నారని 2011లో డబ్లిన్‌లో అన్నలీసా సెట్టి బృందం గమనించింది. పడిపోవడానికి ఇదే కారణమని ఆ ప్రయోగం రుజువు చేయలేదు, రెండింటికీ పొత్తుందని మాత్రం చూపింది. చూపు మసకబారినా, మాట సగమే వినబడినా మెదడు మిగిలిన ఆధారం మీద ఎక్కువ బరువు వేస్తుంది. అందుకే ఒక్కదాన్ని బాగుచేసి ఊరుకుంటే పని సగమే అవుతుంది.

శిబిరపు గోలలో వినికిడి పరీక్ష కుదరదంటారు. యంత్రంతో చేసే పూర్తి పరీక్ష నిజంగానే కుదరదు, దానికి నిశ్శబ్దపు గది కావాలి. కానీ చెవిలో గులిమి అడ్డుపడిందా, చీము కారుతోందా అని చూడటానికి చిన్న లైటు చాలు. పక్క గదిలోకి తీసుకెళ్లి గుసగుసగా చెప్పిన మాటలు తిరిగి చెప్పించి, తడబడినవాళ్లను పెద్దాసుపత్రికి పంపవచ్చు. నూలు మిల్లుల రొదలో బతుకు గడిపినవాళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు, మొదట పిలవాల్సింది వాళ్లనే. చెవిటి మిషన్ ఖరీదు మాటా వస్తుంది. ఆ భారం కాదనలేం, అయితే ఖర్చులేని పని కూడా ఉంది. వెనకనుంచి అరవకుండా ఎదురుగా, వెలుతురులో నిలబడి, పెదవులు కనబడేలా మాట్లాడితే సగం చిక్కు తీరుతుంది. మందులిచ్చే చోట మాస్కు వెనకనుంచి గబగబా చెప్పేవాళ్లకు ఈ మాట ముందు చెప్పాలి. కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో ఈసారి కంటి శిబిరం పెట్టేవాళ్లు చెవి చూడటానికి కూడా ఒక బల్ల వేయండి.